నోరు పెద్దది

రికార్డర్ ఆన్ చేసినవా తమ్ముడూ?
కొంచెం దగ్గరికి జరుపు.
పదకొండేండ్లు నా పెదవులే పని చేసినయి,
గొంతుకు ఇయ్యాలనే డ్యూటీ.

పేరు అండాలు.
నువ్వు రాసుకున్న తన్మయి అన్న పేరు
మొదటి ప్రొడ్యూసర్ ఇడ్లీ తింటూ పెట్టిండు.
గిన్నెల చట్నీ అయిపోయేలోపల
మా నాయనమ్మ పేరు నా మీదికెల్లి దిగిపోయింది.

మాది లాలాగూడ, రైల్వే క్వార్టర్స్.
వర్క్‌షాపు సైరన్ కూస్తే బువ్వ, మల్ల కూస్తే నాయిన.
నటన ఎక్కడ నేర్చుకున్నవని అడుగుతున్నవు గద,
నెలాఖరుల కిరాణా సేటు ముందర నిలబడి
మా అమ్మ నవ్విన నవ్వు చూసి.
ఒక్కటే టేకు.
రీటేకు అడిగితే అప్పు పుట్టది.

మావోళ్లు పరకాయ ప్రవేశమంటరు.
నేనైతే ఏ కాయంలకూ పోలే.
మణికొండ సెట్టుల, మే నెల, పట్టుచీర,
పొద్దటిసంది కడుపునొప్పి.
ఆ నొప్పినే కొడుకు సచ్చిన తల్లికి అప్పిచ్చిన.
ఆ కొడుకు నాకంటే ఆరేండ్లు పెద్ద.
"అమ్మా" అని ఒళ్ల తల పెడితే
జుట్టుకేసిన నల్లరంగు చీరెకంటింది.
కాస్ట్యూమ్స్ పిల్లగాడు నన్నే తిట్టిండు,
హీరోను తిట్టలేడు గద.

ఏం, పెన్ను ఆపినవు?
రాయి. ఆయనకు తెల్వంది కాదు.
నాకు ముప్పై నాలుగని కూడ రాయి,
రెండుసార్లు షష్టిపూర్తి అయిందని కూడ.

పేరొచ్చినంక ఎట్లున్నదంటవా?
ఎర్రగడ్డ రైతుబజార్ల ఒక ముసలామె
సంచిల టమాటలు పోసి మల్ల తీసుకున్నది,
"కోడల్ని గట్ల కొడతావే, పాపం తగుల్తది."
నాకు కోపం రాలే. గంత మంచిగ కొట్టిన్నా అనిపించింది.

ఇంకొకటి. నూరు రోజుల ఫ్లెక్సీ మీద
చివర్ల, హీరో మోచేతి కింద, నా మొఖం.
వానకాలంల బోరబండకాడ చూసిన దాన్ని,
మిర్చి బండి మీద కప్పిండ్రు.
బొమ్మ లోపలివైపు.
తినేటోళ్ల నెత్తుల మీద నేను నవ్వుతున్న,
ముక్కుకాడ చిరిగి
నీళ్లు సుక్క సుక్క కారుతున్నయి.
గ్లిజరిన్ లేకుండ అంత బాగ
నేనెన్నడు ఏడ్వలే.
రెండు ప్లేట్లు తిన్న. ఎవ్వరూ గుర్తుపట్టలే.

"మీ యాస కామెడీకైతే వాడుకుంటం,
ఏడుపు సీనుకు పనికిరాదమ్మా" అన్నరు.
అంటే మా లాలాగూడల సావులకు
ఏ యాసల ఏడ్చినమో!
నా ఏడుపులన్ని కుసుమకుమారి గారు ఏడ్చింది.
ఒకసారి యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ కాడ కలిసింది,
నోట్లె కరక్కాయ ముక్క,
"తన్మయీ, నువ్వు చచ్చే సీన్ చేసినప్పుడల్లా
నాకు రెండు రోజులు గొంతు రాదే తల్లీ."
ఇద్దరం చాయ తాగినం.
డబ్బులు ఆమెనే ఇచ్చింది,
ఆమెకు నాకంటే తక్కువిస్తరని
అటెన్క తెలిసింది.

గిసొంటియి చెప్తె నాకు నోరు పెద్దదంటరు.
పెద్దదే. ఖాళీ ఇల్లు పెద్దగనే కనపడ్తది.

పోయిన నెల పట్టుబట్టిన,
ఈ సిన్మాకు నా గొంతే నేను చెప్పుకుంటనని.
కృష్ణానగర్ల చిన్న థియేటర్,
చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుంగ తెర మీద నేను.
మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడిన.
అద్దం అవతల ఇంజినీర్ పిల్లగాడు
రెండుసార్లు చూసుకొని, భయపడుకుంట అన్నడు,
"మేడం, సింక్ అయితలేదు.
ఇది మీ నోరు లెక్క లేదు."

నవ్వు రాలే నాకు, ఏడుపూ రాలే.
ఆ పెదవులు కుసుమకుమారి గారి కోసం
ఆడుడు నేర్చుకున్నయి మరి.

"వెనుకకు తిప్పు బేటా" అన్న.
"ఇంకోపారి వేస్త."

అయిపోయిందా నీది?
ఆపకు. గొంతు ఇప్పుడిప్పుడే వేడెక్కింది.